చీటీలో ఒకటి, ప్రియదర్శినిలో ఒకటి

మీకు అన్నిటికన్నా ఇష్టమైన సినిమా ఏది?

ప్రశ్న వినగానే ఒక్క క్షణం ఆగారా? ఆగే ఉంటారు. ఆ క్షణంలో మీరేం చేశారో చెప్పనా? మనసులోకి మొదట వచ్చిన పేరుని మెల్లిగా పక్కకు నెట్టి, పైకి చెప్పుకోవటానికి గౌరవంగా ఉండే పేరు కోసం వెతికారు. అబ్బే, అదేం లేదంటారా? సంతోషం. అయితే మీరు నాకంటే నిజాయితీపరులన్నమాట. నేను మాత్రం ఆ పనే చేశాను. చేసి, పదిహేడేళ్ళ కూతురికి దొరికిపోయాను.

అసలు జరిగిందేమిటంటే...

మేముండేది మీర్‌పేటలో, మంత్రాల చెరువుకి కాస్త ఇవతల. నల్గొండ వాళ్ళు, పాలమూరు వాళ్ళు, ఖమ్మం వాళ్ళు, గుంటూరు వాళ్ళు, కృష్ణా వాళ్ళు, అందరం ఒకే వీధిలో గోడకి గోడ ఆనించుకుని బతుకుతున్నాం. ఒకప్పుడు మా అందరికీ సినిమా అంటే దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళి కోణార్క్‌లోనో, వెంకటాద్రిలోనో చూడటమే. ఇప్పుడు ఎవరింట్లో వాళ్ళం, ఎవరి ఫోనులో వాళ్ళం చూసుకుంటున్నాం. అందుకని మొన్న సంక్రాంతికి వీధి వాళ్ళంతా కలిసి ఖాళీ స్థలంలో తెర కట్టి ఒక పాత సినిమా వేద్దామనుకున్నారు.

ఏ సినిమా? అక్కడ వచ్చింది తంటా.

పిల్లలు ఉపాయం చెప్పారు. ఇంట్లో ఒక్కొక్కరూ తమకు ఎక్కువ ఇష్టమైన తెలుగు సినిమా పేరు చీటీ మీద రాసి అట్టపెట్టెలో వెయ్యాలి. ఎక్కువ చీటీలు వచ్చిన పది సినిమాల పేర్లూ వరసగా గోడకి అంటిస్తారు. మొదటిది తెర మీద వేస్తారు. వినటానికి ఎంత న్యాయంగా ఉంది! మా శ్రీవారు మాత్రం చీటీ ముట్టుకోలేదు. "రాత్రికి ఏం కూర వండను అంటేనే ఇన్నేళ్ళుగా తేల్చి చెప్పలేకపోయాను, ఇది నావల్ల అవుతుందా?" అన్నారు.

మర్నాడు జాబితా గోడకెక్కింది. మొదటి స్థానం 'మాయాబజార్'ది. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కానీ జాబితా కింద మనుషులు పోగై, మాటలు పెరిగి, పొయ్యిల మీద పాలు పొంగిపోయేదాకా అక్కడే ఉండిపోయారు.

మూడో అంతస్తు పిన్నిగారు సంగీతం చెబుతారు. "శంకరాభరణం మూడోదా? మూడోదా?" అని రెండుసార్లు అడిగారు, గోడనే నిలదీస్తున్నట్టు. ఎదురింటి నల్గొండ అక్క రాసింది 'మా భూమి'. అది పదింటిలోనే లేదు. పిన్నిగారి సినిమా, అక్క సినిమా, రెండూ 1980లో, ఆ ఏడాది మొదటి మూడు నెలల్లోనే విడుదలైనవి. ఒకటి కర్ణాటక సంగీతం గురించి, ఇంకొకటి తెలంగాణ రైతు పోరాటం గురించి. వాటిని పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ అని అడగటం వీణనీ నాగలినీ తక్కెట్లో వెయ్యటమే. జాబితా చేసింది సరిగ్గా అదే.

"నలుగురమే రాసినం గదా వదినా, అందుకే రాలే," అంది అక్క. నేను సర్దిచెప్పబోయాను. సినిమా అన్నాక ఎవరి రుచి వాళ్ళదని ఏదో అన్నాను. "నీకది సినిమా కావచ్చు. నాకు మా తాత బతుకు. బతుకుకి రుచేంది?" అంది. నాకు మాట రాలేదు.

అప్పుడు రిటైరైన లెక్కల మాస్టారు కళ్ళజోడు సవరించుకుని ముందుకొచ్చారు. "తగాదా మీది కాదమ్మా, లెక్కది," అంటూ ఆ జాబితా కాగితం అంచునే లెక్క వేసి చూపించారు. మీరూ చూడండి, కష్టమేం కాదు.

మాస్టారి వరస: మాయాబజార్, శంకరాభరణం, మా భూమి. పిన్నిగారి వరస: శంకరాభరణం, మా భూమి, మాయాబజార్. అక్క వరస: మా భూమి, మాయాబజార్, శంకరాభరణం. ఇప్పుడు రెండేసి సినిమాలకి పోటీ పెట్టండి. మాయాబజార్, శంకరాభరణాల మధ్య మాస్టారూ అక్కా మాయాబజార్ వైపు. ముగ్గురిలో ఇద్దరు, కనుక అది గెలిచింది. శంకరాభరణం, మా భూమిల మధ్య మాస్టారూ పిన్నిగారూ శంకరాభరణం వైపు. సరే, ఇంకేం, మాయాబజారే అన్నిటికన్నా పైన అనుకుంటాం కదా? ఆగండి. మా భూమి, మాయాబజార్‌ల మధ్య చూస్తే అక్కా పిన్నిగారూ మా భూమి వైపు! మొదటిది రెండోదాన్ని ఓడిస్తుంది, రెండోది మూడోదాన్ని ఓడిస్తుంది, మూడోది వచ్చి మొదటిదాన్ని ఓడిస్తుంది. గానుగెద్దు తిరిగినట్టు తిరగటమే. ముగ్గురూ ఎవరి మటుకు వాళ్ళు స్పష్టంగానే ఉన్నారు. ముగ్గుర్నీ కలిపేసరికి స్పష్టత మాయమైంది.

కండోర్సే అనే ఫ్రెంచి మేధావి 1785లోనే ఈ చిక్కు బయటపెట్టాడట. తర్వాత 1951లో, అంటే మనకు 'పాతాళభైరవి' వచ్చిన ఏడాదే, కెన్నెత్ ఆరో అనే అమెరికన్ ఆర్థికశాస్త్రవేత్త ఒక పుస్తకం రాశాడు. పోటీలో మూడో, అంతకన్నా ఎక్కువో ఉన్నప్పుడు అందరి వరసల్నీ కలిపి ఒకే వరస చేసే పద్ధతి ఏదీ, మనం న్యాయమనుకునే షరతులన్నిటినీ ఒకేసారి తీర్చలేదని అందులో రుజువు చేశాడు. 1972లో ఆయనకి నోబెల్ బహుమతి ఇచ్చారు. నేను బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివాను కానీ ఈ సంగతి నాకు తలకెక్కింది మాత్రం మా వీధి గోడ దగ్గరే.

మరి ఈ వరసలు ఎందుకూ కొరగావా? అలా అనను. 2013లో భారతీయ సినిమాకి వందేళ్ళు నిండిన సందర్భంలో సిఎన్ఎన్-ఐబిఎన్ టీవీ వాళ్ళు వంద గొప్ప సినిమాల జాబితా వేసి ప్రజల్ని ఓటు అడిగారు. అన్ని భాషల సినిమాల్నీ దాటుకుని మన 'మాయాబజార్' మొదటిదిగా నిలిచింది. 1957లో కె.వి. రెడ్డిగారు తీసిన సినిమా! ఆ రోజు నేను కూడా ఇంటింటికీ స్వీటు పంచినంత పని చేశాను. కాసేపటికి, మనసు ఊరుకోదు కదా, ఒక ప్రశ్న వచ్చింది. మాయాబజార్ చూడని తమిళుడో, 'పథేర్ పాంచాలీ' చూడని తెలుగువాడో ఓటేసినప్పుడు అతను రెండింటినీ పోల్చి వేశాడా, లేక తన ఇంటి దీపానికి దణ్ణం పెట్టుకున్నాడా?

పండితులు ఓటేసినా అంతే. లండన్ నుంచి వచ్చే 'సైట్ అండ్ సౌండ్' పత్రిక 1952 నుంచీ పదేళ్ళకోసారి విమర్శకుల్ని అడుగుతోంది. మొదటిసారి 'బైసికిల్ థీవ్స్' గెలిచింది. 1962 నుంచి 2002 దాకా ప్రతిసారీ 'సిటిజన్ కేన్'. 2012లో 'వెర్టిగో'. 2022లో పదహారు వందల మందికి పైగా ఓటేస్తే శాంతాల్ ఆకెర్‌మాన్ అనే ఆమె 1975లో తీసిన 'జాన్ డీల్‌మాన్' మొదటికి వచ్చింది. ఒక ఇల్లాలు వంట చెయ్యటం, ఆలుగడ్డల తొక్కు తియ్యటం, పక్కబట్టలు సర్దటం, ఇదంతా మూడు గంటలకు పైగా సాగే సినిమా. ఒక స్త్రీ తీసిన సినిమా ఆ వరసలో మొదటికి రావటం అదే తొలిసారి. పదేళ్ళ కిందట అది మొదటి పదిలో కూడా లేదు. ఈ పదేళ్ళలో ఆ సినిమాలో ఒక్క ఆలుగడ్డ కూడా మారలేదు. మారింది ఓటేసిన మనుషులు.

కాబట్టి నాకు అర్థమైందేమిటంటే, ఇలాంటి జాబితా సినిమాల గురించి చెప్పేది తక్కువ, మన గురించి చెప్పేది ఎక్కువ. ఏ విషయంలో మనం నలుగురం కలుస్తామో అది చెబుతుంది. నలుగురం కలవటం చిన్న సంగతేం కాదు. కానీ అది చెప్పాలన్నా ఒక షరతు ఉంది. ప్రతివాళ్ళూ చీటీ మీద నిజం రాయాలి.

అదిగో, అక్కడే నేను తప్పాను.

చీటీలు లెక్కపెట్టిన పిల్లల్లో మా అమ్మాయి కూడా ఉంది. రాత్రి అన్నాలు తింటుంటే, "అమ్మా, నువ్వు మాయాబజార్ అని రాశావేం? నీకు ఎక్కువ ఇష్టమైంది అది కాదుగా?" అంది.

"చేతిరాత చూసి పట్టుకోవటం తప్పు కాదుటే?" అన్నాను, దొంగ పోలీసుని దబాయించినట్టు.

"టీవీలో 'జగదేకవీరుడు అతిలోకసుందరి' వస్తే సాంబారు మాడిపోయినా లేవవు. అది రాస్తే ఎవరేమనుకుంటారని?"

ఎవరేమనుకుంటారు? నిజమే, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ 'రచయిత్రిగారు ఏం రాశారో' అని ఎవరో అడిగితే చెప్పుకోవటానికి మాయాబజార్ నిండుగా ఉంటుందనిపించింది. అది మహాద్భుతమైన సినిమా అన్న మాటలో అబద్ధం లేదు. అడిగింది మాత్రం అది కాదు. ఏది గొప్పదని కాదు, నీకేది ఇష్టమని అడిగారు. నేను ఒక ప్రశ్నకి వేరే ప్రశ్న జవాబు రాసి వచ్చాను.

ఇంతకీ ఆ సినిమా ఎందుకంత ఇష్టమో నా కూతురికి ఎప్పుడూ చెప్పలేదు. ఆ రాత్రి చెప్పాను.

1990 మే 9న ఆ సినిమా విడుదలైంది. ఆ రోజే కోస్తాని పెద్ద తుఫాను కొట్టింది. నేను అప్పుడు ఎనిమిదేళ్ళదాన్ని. వేసవి సెలవులకి కృష్ణాజిల్లాలో అమ్మమ్మగారి ఊళ్ళో ఉన్నాం. మామిడితోట పడిపోయింది. పశువులు పోయాయి. వారం రోజులు ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడుకోలేదు. ఒక సాయంత్రం నాన్న నన్ను భుజాన ఎత్తుకుని, బురదలో నడిచి టౌనుకి తీసుకెళ్ళాడు. హాల్లో పట్టుమని ఇరవై మంది లేరు. తెర మీద మంచుకొండలు, మానససరోవరం, దేవకన్య, ఆమె పోగొట్టుకున్న ఉంగరం. బయట చూస్తే కూలిన ఇళ్ళు. మధ్యలో ఎక్కడో నాన్న నవ్వాడు. తుఫాను తర్వాత ఆ ఇంటి మనిషి నవ్వటం అదే మొదలు. నేను తెర వదిలేసి నాన్న మొహమే చూస్తూ ఉండిపోయాను.

నాన్న పోయి పదేళ్ళయింది. నేను ఆ సినిమా ఎన్నిసార్లు చూసినా వెతికేది ఆ నవ్వు కోసమే. దాన్ని ఎన్నో స్థానంలో పెట్టమంటారు?

మా అమ్మాయి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇదే రాయొచ్చుగా," అంది.

"చీటీలో చోటెక్కడుందే?" అన్నాను. నిజానికి పేరు రాయటానికి చోటుంది. లేనిది నాకు ధైర్యం. చీటీ మడిచి వేస్తే పక్కింటివాళ్ళ కళ్ళ నుంచి తప్పించుకుంటాం. మన కళ్ళలో మనం గొప్పగా కనపడాలన్న ఆశ నుంచి మాత్రం ఏ మడతా కాపాడదు. నా ఒక్క చీటీ మారితే జాబితా తలకిందులయ్యేదా? అయ్యేది కాదు. కానీ గెలిచే సినిమాకే రాద్దామని నలుగురు అనుకుంటే, అప్పుడు అది నలుగురి ఇష్టం కాదు, నలుగురి మొహమాటం. నల్గొండ అక్క మాత్రం, ఓడిపోతుందని తెలిసీ, తాతనే రాసింది. మా వీధిలో ఆ రోజు అందరికన్నా సరిగ్గా ఓటేసింది ఆవిడేనని నా నమ్మకం.

సంక్రాంతి రాత్రి చలిలో దుప్పట్లు కప్పుకుని అందరం మాయాబజార్ చూశాం. పిన్నిగారూ వచ్చారు, అక్కా వచ్చింది. ప్రియదర్శిని పేటిక వచ్చింది. మీకు తెలుసుగా, అందులోకి చూస్తే ఎవరి మనసుకి ప్రియమైంది వాళ్ళకి కనిపిస్తుంది. శశిరేఖకి అభిమన్యుడు, రేవతికి నగలు, బలరాముడికి దుర్యోధనుడు. ఒకే పెట్టె. ఎవరూ ఎవరితోనూ పోటీ లేదు, వరస లేదు. ఇంకో సంగతి, దాని ముందు ఎవరూ అబద్ధం ఆడలేరు. మొదటి స్థానం గెలిచిన సినిమాలోనే, ఇష్టాన్ని లెక్కపెట్టటం కుదరదని చెప్పే పెట్టె ఉంది. అరవై ఎనిమిదేళ్ళు దాటినా మనకది కనపడదు!

"అందులో నాకైతే మా తాత కనబడతడు," అంది అక్క, నా వైపు తిరక్కుండానే. నేను దుప్పటి ఆమె మీదికి కూడా జరిపాను. సినిమా అయ్యాక ఎవరూ లేవలేదు. ఎవరికి ఏం కనిపించేదో చెప్పుకుంటూ చాలాసేపు కూర్చున్నాం. చివరికి మా శ్రీవారు కూడా ఒకటి చెప్పారు. అదేమిటో ఇక్కడ రాయను, అది ఆయన చీటీ.

వచ్చే ఏడు కూడా పెట్టె పెడతారట. ఈసారి నేనేం రాస్తానో మీకు తెలుసు. మరి మీరేం రాస్తారు?