అణువులు మారినా నిలిచేది

నార్తాంప్టన్‌లోని వెస్టన్ ఫావెల్‌లో 1916లో జన్మించిన ఫ్రాన్సిస్ క్రిక్ పేరు మన పిల్లలకు డీఎన్ఏ పాఠంలో పరిచయమే. ఆబింగ్టన్ వీధిలో ఆయన స్మారక శిల్పం పక్కనుండి మనం ఎన్నోసార్లు నడిచివెళ్ళాము. ఆయన తన చివరి దశాబ్దాలను మెదడు అధ్యయనానికే వెచ్చించాడన్న సంగతి మాత్రం మనలో కొందరికే తెలుసు.

1984లో ఆయన ఒక చిక్కు ప్రశ్న లేవనెత్తాడు. మెదడులోని అణువులు చాలావరకు రోజుల్లోనో నెలల్లోనో శిథిలమై కొత్తవాటికి చోటిస్తాయి. మరి ఏళ్లనాటి జ్ఞాపకం ఎలా నిలుస్తోంది? జంటలోని ఒక అణువు మారుతున్నప్పుడు రెండవది ఆ స్థితిని కాపాడుతుందేమోనని ఆయన ఊహించాడు. గుడిలోని అఖండదీపానికి నూనె మారుతుంది, వత్తి మారుతుంది. దీపం అదే అంటాము కదా!

అల్జీమర్స్ వ్యాధిలో అమిలాయిడ్, టావ్ అనే ప్రోటీన్లు పేరుకొని, నాడీకణాల మధ్య సంధులు నశిస్తాయి. అమ్మమ్మ మనవరాలి పేరు మరచిపోతుంది. మనిషి అంటే నాడీకణాల సమూహమేనని క్రిక్ 1994లో నిర్మొహమాటంగా వ్రాశాడు. అలాగైతే ఆమె ఇంకా అమ్మమ్మేనా?

ఆ శాస్త్రాన్ని కాదనకుండానే, అవునని మేమంటాము. బంధుత్వం ఒక్క మెదడులోనే నిలిచి ఉండదు. ఆమె తినిపించిన గోరుముద్దలు మనవరాలి మెదడులోనూ ఉన్నాయి. క్రిక్ ఊహించిన జంట అణువుల వలె, ఒకరు సడలితే మరొకరు పట్టి ఉంచాలి. అయితే ఆ పట్టును రాత్రంతా మేల్కొనే కోడలికొక్కతెకే వదిలి, దానికి సంస్కారమని పేరుపెట్టడం మన ఇళ్ళలో అలవాటు. వంతులు వేసుకోవాలి, కొడుకులకూ, మనుమలకూ వంతు రావాలి.