ప్రపంచ విజేతను చేసేది ఏది? – ఎటపాక దారిలో ఒక చిన్నారి అడిగిన ప్రశ్న

వీడియోలో ఇది కొంతే చెప్పగలిగాను, మిగిలింది ఇక్కడ రాస్తున్నాను. ఇంతకుముందు నేనే చెప్పిన ఒక మాటను ఈ రోజు దిద్దుకోవాలి. అందుకని కాస్త ఓపికగా చివరిదాకా చదవండి.

పోయిన నెల ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం వెళ్లాను. దర్శనం అయ్యాక దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక పల్లెలో సత్సంగం. అది ముగిసి, అందరూ ప్రసాదం తీసుకుని వెళ్లిపోతుంటే ఒక కోయ పిల్ల మాత్రం స్తంభం పక్కనే నిలబడిపోయింది. పదో తరగతి. కనుబొమ్మ దగ్గర మానుతున్న దెబ్బ. "ఏం తల్లీ, పడ్డావా?" అంటే, "కాదు అయ్యగారూ, బాక్సింగ్ ఆడతాను" అంది.

తర్వాత నెమ్మదిగా అడిగింది. "నమ్మి మొక్కితే గెలుపు ఖాయమని మీరు వీడియోలో చెప్పారు గదా. ఐదు శనివారాలు ఆంజనేయస్వామికి ప్రదక్షిణలు చేశాను. మొదటి బౌట్‌లోనే ఓడిపోయిన. నా భక్తిలో ఏం తప్పుంది?"

నాకు నోట మాట రాలేదు. ఎందుకంటే ఆ మాట నేను చెప్పిందే. చెప్పినప్పుడు జనం చప్పట్లు కొట్టారు, నేనూ సంతోషించాను. ఆ మాట ఒక పసిదాని గుండెలో ముల్లులా దిగుతుందని ఆ రోజు తోచలేదు.

కాసేపటికి అన్నాను: "తల్లీ, తప్పు నీ భక్తిలో లేదు, నా మాటలో ఉంది. అవతలి మూలలో నిలబడ్డ పిల్ల కూడా ఏదో ఒక దేవుడికి మొక్కుకునే వచ్చి ఉంటుంది. ఇద్దరి మొక్కులూ విన్న స్వామి ఎవరి చెయ్యి పైకెత్తాలి? ఆయన జడ్జీ కుర్చీలో కూర్చోడు. కిందపడ్డవాళ్ల పక్కన కూర్చుంటాడు."

మాట అయితే అనేశాను. దానికి రుజువు ఏదని ఆ పిల్ల కళ్లు అడుగుతూనే ఉన్నాయి. రుజువు ఆమె రోజూ తిరిగే దారిలోనే ఉంది.

భద్రాచలం నుంచి దుమ్ముగూడెం వెళ్లే దారిలో ఎటపాక వస్తుంది. జటాయువు పడిపోయిన చోటు ఇదేనని మన పెద్దలు చెప్పుకుంటారు. ఆ పోరు ఒక్కసారి గుర్తు చేసుకోండి. ఒకవైపు వరాలు పొందిన రావణుడు, నిండు యవ్వనం, రథం, ఆయుధాలు. ఇంకోవైపు అరవై వేల ఏళ్ల ముసలి పక్షి. గెలవలేనని జటాయువుకు తెలియదా? తెలుసు. అయినా సీతమ్మ ఏడుపు విన్నాక పక్కకి తప్పుకోలేదు. రావణుడి విల్లు విరిచాడు, రథం కూల్చాడు. చివరికి రెక్కలు తెగి నేల మీద పడ్డాడు. లెక్క ప్రకారం ఓడిపోయాడు.

మరి తర్వాత ఏం జరిగింది? రాముడు వచ్చి ఆ పక్షిని గుండెకు హత్తుకున్నాడు. తండ్రికి కొడుకు చేసినట్టు తన చేతులతో దహనం చేశాడు, మన గోదావరిలోనే తర్పణం వదిలాడు. దశరథుడికి స్వయంగా చేయలేకపోయిన ఆ సంస్కారం జటాయువుకు దక్కింది. ఇంకో సంగతి గమనించండి. సీతమ్మను ఎత్తుకుపోయింది రావణుడని, దక్షిణ దిక్కుగా పోయాడని రాముడికి చెప్పింది ఆ ఓడినవాడే. లంక గెలుపుకు మొదటి అడుగు ఒక ఓటమి చూపించిన దిక్కున పడింది.

ఇది పురాణం, మాకు ఎలా వర్తిస్తుంది అంటారా? అయితే మన తెలంగాణ బిడ్డనే చూడండి. నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. తర్వాత 2017లో భుజానికి గాయం, ఆపరేషన్, చాలా కాలం ఆటకు దూరం. కోలుకుని వచ్చాక 2019 డిసెంబరులో ఒలింపిక్ అర్హత పోటీలకు సెలక్షన్ బౌట్. ఎదురుగా నిలిచింది మేరీకోమ్. 9–1 తేడాతో ఓడిపోయింది. దేశమంతా చూస్తుండగా వచ్చిన ఓటమి అది. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

ఆమె మళ్లీ జిమ్‌కి వెళ్లింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో థాయ్‌లాండ్ బాక్సర్ మీద 5–0తో గెలిచి 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. 2023లో ఢిల్లీలో 50 కిలోల విభాగంలో మళ్లీ గెలిచింది. మేరీకోమ్ తర్వాత ఒకటికి మించి ప్రపంచ టైటిళ్లు గెలిచిన భారత మహిళా బాక్సర్ ఆమే. అంతటి విజేత 2024 పారిస్ ఒలింపిక్స్‌లో చైనా బాక్సర్ వూ యూ చేతిలో 0–5తో ఓడిపోయింది. కష్టపడే గుణం 2022లో ఉండి 2024లో మాయమైందా? లేదు గదా! ఫలితం ఆ రోజుది. గుణం మనిషిది.

బాక్సింగ్‌లో ఒక నియమం ఉంది. దెబ్బ తిని కిందపడ్డవాళ్లు వెంటనే లేచినా సరే, రిఫరీ ఎనిమిది దాకా లెక్కపెడతాడు. ఆ లోపు చేతులు పైకెత్తి, "నేను సిద్ధం" అని కళ్లతో చూపించాలి. పిడిగుద్దులు ఎలా విసరాలో కోచ్ నేర్పుతాడు. ఆ ఎనిమిది అంకెల మధ్య ఏం చేయాలో మాత్రం ఎవరికి వారే నేర్చుకోవాలి. భక్తి పనిచేసే చోటు అదే. అది పతకాన్ని కొనిపెట్టే రూపాయి కాదు తల్లీ, మళ్లీ లేచి నిలబడే మోకాలి బలం. ప్రపంచ విజేతలు తయారయ్యేది పతకం మెడలో పడ్డ రోజున కాదు. ఓడిన మర్నాడు, ఎవరూ చూడని తెల్లవారుజామున, మళ్లీ బూట్ల తాడు కట్టుకున్నప్పుడు.

ఇంత పొడుగ్గా కాదు గానీ, ఆ పిల్లకు ఈ మాటలే చెప్పాను. విని, "అయితే ప్రదక్షిణలు మానెయ్యాల్నా?" అని అడిగింది. నవ్వొచ్చింది. "మానొద్దు. కానీ గెలిపించమని అడగకు. రేపు పొద్దున్నే లేపమని అడుగు" అన్నాను. తల ఊపి వెళ్లిపోయింది. ఒప్పుకుందో లేదో నాకు తెలియలేదు.

కాబట్టి బంధువులారా, నమ్మితే గెలుపు ఖాయమని నేను అన్న మాటను ఇక్కడే వెనక్కి తీసుకుంటున్నాను. ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా పిల్లలు ఆటలోనో పరీక్షలోనో ఓడి వస్తే, "ఎందుకు ఓడావు?" అని అడగకండి. రాముడు జటాయువు దగ్గర కూర్చున్నట్టు కాసేపు పక్కన కూర్చోండి. భద్రాచలం వచ్చినవాళ్లు తీరిక చేసుకుని ఎటపాక దగ్గర కూడా ఒక్క నిమిషం ఆగి, ఓడిపోయిన ఆ మహావీరుడికి దండం పెట్టుకోండి.

సర్వేజనాః సుఖినోభవంతు. స్వస్తి.