కొర్రమీను ముక్కు

ఆదివారం పొద్దున సికింద్రాబాద్ రాంగోపాల్‌పేట చేపల మార్కెట్లో అడుగు పెట్టగానే చెయ్యి దానంతటదే ముక్కు మీదికి పోయింది. ఎన్నేళ్లుగా వస్తున్నా ఈ అలవాటు పోలేదు. బేరం కుదిరాక చేపలమ్మే ఆమె కొర్రమీనుకు బూడిద పట్టించి కత్తిపీట ముందుకు జరిగింది. "ముక్కలు పెద్దగ కొట్టాల్నా సార్, చిన్నగనా?"

నేను దాని మూతి చూస్తున్నాను. పై పెదవి దగ్గర, అటొకటి ఇటొకటి, సన్నటి గొట్టాలు. అవే దాని ముక్కుపుటాలు. ఊపిరితో వాటికి పనిలేదు, అది మొప్పలూ, గాలి మింగే నోరూ చూసుకుంటాయి. నీళ్లు అందులో దూరి వెనకున్న చిల్లులోంచి పోతూ వాసన చెప్పిపోతాయి, అంతే. ముక్కుకు అసలు ఉద్యోగం అదే. ఊపిరి అన్నది తర్వాత వచ్చి చేరిన పని.

వాసన పట్టే గ్రాహకాల జన్యువులను 1991లో లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ ఎలుక ముక్కులో పట్టుకున్నారు. 2004లో నోబెల్ కూడా వచ్చింది. ఆ వంశం కూపీ లాగుతూ పోతే చేపల దగ్గరా ఆగలేదు. ఆంఫియాక్సస్ అని, సముద్రపు ఇసుకలో దాక్కునే వేలెడంత ప్రాణి ఉంది. దానికి వెన్నెముక లేదు, ఉన్నది పృష్ఠవంశం (నోటోకార్డ్) అనే కడ్డీయే. ముక్కయితే అసలే లేదు. అయినా ఆ జన్యువులు 30కి పైగా దొరికాయి. ఇల్లు కట్టకముందే కాపురం పెట్టినట్టు!

ఆ తర్వాతిదంతా నకళ్ల కథ. ఒక జన్యువుకు నకలు పడుతుంది. అది కాస్త మారి కొత్త వాసన నేర్చుకుంటుంది, లేదా చెడిపోయి మూలన పడుతుంది. ఏనుగుకు పనిచేసేవి దాదాపు 2,000. మనకు సుమారు 400, చెడిపోయినవీ ఇంచుమించు అన్నే. పలకని రేడియోలను అటకెక్కించి దాచే మా నాయన గుర్తొస్తాడు.

వాసనంటే దోమా గుర్తొస్తుంది. ఇదే సికింద్రాబాద్‌లో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఆ దోమలతో కుట్టించుకున్న హుసేన్ ఖాన్‌కు దోమకో అణా ముట్టింది. దోమకు మనిషి జాడ చెప్పేదీ ముఖ్యంగా వాసనే. కానీ దాని గ్రాహకాలకూ మనవాటికీ చుట్టరికం లేదు, అవి విడిగా పుట్టినవి. మన నెత్తురు తాగేది పరాయిదై, మనం పులుసు పెట్టుకునేది దాయాది కావడం నాకెందుకో మింగుడుపడలేదు.

"తలకాయ పెట్టాల్నా సార్?"

ఎప్పుడూ వద్దనేవాణ్ని. ఆవేళా వద్దనే అన్నాను, కారణం వేరు.

మధ్యాహ్నం చింతపండు రసం మరిగి మెంతిపొడి పడేసరికి, పొద్దున మూసుకున్న ముక్కే నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది.