బిల్లు లేని చక్రం



రాత్రి ఇంటి ముందు నిలిపిన కారు తెల్లవారేసరికి కనిపించదు. పది రోజులకు ఊరి బయట తుమ్మచెట్ల మధ్య దొరికిందని పోలీసులు కబురు చేస్తారు. పరుగున వెళ్లి చూస్తే చక్రాలు లేవు, బ్యాటరీ లేదు, సీట్లు లేవు, తలుపులు కూడా విప్పుకుపోయారు. మిగిలింది ఒట్టి రేకు డొల్ల. ఇలాంటి కష్టం పడిన కుటుంబాన్ని ఓదార్చబోయి మనం సాధారణంగా అనే మాట ఒక్కటే: "పోనివ్వండి, వస్తువే కదా! మనుషులు క్షేమంగా ఉన్నారు." ఆ మాట నిజమే. కాని అది చాలుతుందా?

మారుతి 800నే తీసుకోండి. 1983లో అమ్మకానికి వచ్చి, 2014లో తయారీ ఆగిపోయిన ఈ చిన్న కారు ఎన్నో మధ్యతరగతి ఇళ్లకు మొదటి కారు. చిట్టీ పాడి, పి.ఎఫ్. అప్పు తీసి కొన్నది. పురిటి బిడ్డను ఆసుపత్రి నుండి ఇంటికి తెచ్చింది అందులోనే. మంచాన పడిన తండ్రిని వైద్యానికి తీసుకువెళ్లింది అందులోనే. అలాంటి బండి పోయినందుకు ఏడిస్తే అది లోభం కాదు. ఆ కన్నీరు రేకు కోసం కాదు, ఆ బండి మోసిన మనుషుల కోసం. కనుక ఎవరూ సిగ్గుపడనవసరం లేదు. అయితే వస్తువు కోసం మనిషికి అన్యాయం చేయడానికి సిద్ధపడినప్పుడు మాత్రం ఆ మమత దారి తప్పినట్లే.

బానిసగా పుట్టి తత్త్వవేత్తగా ఎదిగిన ఎపిక్టెటస్ ఇంట్లో ఒకసారి ఇనుప దీపం పోయింది. రేపు మట్టి దీపం తెచ్చుకుంటే సరి అనుకున్నాడాయన. దొంగ తనకంటే మెలకువగా ఉన్నాడు గనుక గెలిచాడనీ, కాని ఆ దీపానికి వాడు పెద్ద ధరే చెల్లించాడనీ, దాని కోసం తానొక దొంగ అయ్యాడనీ శిష్యులకు చెప్పాడు. నష్టం ఎవరికి ఎక్కువ జరిగిందో ఆలోచించమని ఆయన భావం. సొమ్ము పోయినవాడు మళ్లీ సంపాదించుకోవచ్చు. నిజాయితీ పోగొట్టుకున్నవాడి మాటేమిటి?

ఈ ప్రశ్న దొంగకే కాదు, మనకూ వస్తుంది. బండి బాగుచేయించబోతే ఎవరో ఒకరు మెల్లగా అంటారు: "సార్, సగం ధరకు చక్రాలు ఇప్పిస్తా, బిల్లు మాత్రం అడగకండి." అసలు పరీక్ష ఇక్కడే. దొంగలు కారును ఎందుకు విప్పుతారు? మొత్తం కారుకు ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు ఉంటాయి, పట్టుబడుతుంది. విడి చక్రానికీ, సీటుకూ ఆర్.సి. పుస్తకం ఉండదు. ఉత్తరప్రదేశ్‌లో మీరట్ నగరంలోని సోతీగంజ్ బజారు దొంగ వాహనాలను విప్పి అమ్మే చోటుగా పేరుమోసింది. 2021లో పోలీసులు అక్కడి దుకాణాలు మూయించారు. కొనేవారు లేకుంటే అలాంటి బజారు నిలిచేదా? ఆ కొనుగోలుదారులలో కారు పోగొట్టుకున్నవారు కూడా ఉండి ఉండవచ్చు!

"నాది పోయింది గనుక నాకు హక్కుంది" అనుకోవడం పొరపాటు. మీకు దొరికే ఆ చౌక చక్రం నిన్న మరొక ఇంటి ముందు ఉన్నది. దొంగసొత్తని తెలిసి కొనడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ ప్రకారం నేరం. ఏడవ ఆజ్ఞ అంతకంటే లోతుగా అడుగుతుంది: ధర చెల్లించినంత మాత్రాన పరుల సొత్తు మన సొత్తు అవుతుందా? పాత సామాను కొనడం తప్పు కాదు. పాత మోడళ్లకు అదే గతి కావచ్చు. అది ఏ బండిదో, ఎలా వచ్చిందో చెప్పి, బిల్లు ఇచ్చేవారి దగ్గరే కొనండి.

మరి క్షమాపణ సంగతి? దొంగను క్షమించడమంటే ఫిర్యాదు మానుకోవడం కాదు. పోలీసు రిపోర్టు ఇవ్వండి. రేపు పొరుగువాని బండిని అది కాపాడవచ్చు. ఇన్సూరెన్సు వారికీ వెంటనే తెలపండి. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి పరిహారం రాదని ముందే తెలుసుకోండి. వాడు నాశనం కావాలని శపించడం మాత్రం మానండి. ఆ శాపం వాడికి తగలదు, మన ఇంట్లోనే తిరుగుతుంది.

బిల్లు ఉన్న చక్రానికి డబ్బు కూడేవరకు కొన్ని నెలలు బస్సెక్కవలసి రావచ్చు. ఎక్కండి. ఎందుకెక్కుతున్నామో పిల్లలకు కూడా చెప్పండి.