అసలు చుట్ట, నకిలీ చుట్ట

ఒక వస్తువు అసలైనదో నకిలీయో తెలిసికొనుట యొక విద్య. తెలిసికొన్న పిమ్మట ఆ సంగతి నెవరితో చెప్పవలయును, ఎప్పుడు చెప్పవలయును అనునది ధర్మవిచారము. మొదటిదే కష్టమని లోకులు తలంతురు. మేమును అట్లే తలంచి యుంటిమి. గతవేసవిలో జరిగిన యొక చిన్న సంగతి మా తలంపును మార్చినది.

కల్వకుర్తిలోని మా యింటికి పూర్వవిద్యార్థి యొకడు తండ్రితో గూడ వచ్చెను. అతడు పదవతరగతితో చదువు చాలించి, పాలమూరు పల్లెలనుండి వలసపోయిన వేలమందివలెనే ఊరు విడిచి, ఒక గల్ఫు నగరమున కట్టడపు పనిలో ఆఱేండ్లుగా నున్నాడు. తండ్రి పత్తియు వేరుసెనగయు పండించుకొను రైతు. ఊహ తెలిసిననాటి నుండియు చుట్ట కాల్చువాడు. ఆ తండ్రికొఱకు కుమారుడొక పెట్టె తెచ్చెను. పైన అద్దపు మూత. లోపల పసుపు, నలుపు, తెలుపు రంగుల పట్టీలు చుట్టిన యిరువదియైదు క్యూబా చుట్టలు. పట్టీలపై 'కొహీబా' యను పేరు. వెల యతని నెలజీతములో సగము.

"సారూ, దీని మీద ఏం రాసున్నదో జర సదివి చెప్పుండ్రి. పోరడు గంత దూరంకెళ్లి తెచ్చిండు" అని తండ్రి పెట్టెను మా చేతికిచ్చెను. కుమారుడు మాత్రము మెల్లగా, "అసలుదేనా సారూ?" అని యడిగెను.

మాకు పొగ త్రాగు నలవాటు లేదు. అయినను క్యూబా చుట్టలను గూర్చి కొంత చదివి యుంటిమి. అందులకు కారణము మా వృత్తియే. హవానా నగరపు చుట్టల కర్మాగారములలో పనివారు ఆకులు చుట్టుచుండగా, ఒకడు వేదికపై కూర్చుండి వార్తాపత్రికలను నవలలను బిగ్గఱగా చదివి వినిపించును. ఈ యాచారము 1865లో మొదలైనది. తొలిదినములలో ఆ చదువరి జీతమును పనివారే తమ కూలినుండి కూర్చి యిచ్చెడివారు. 1935లో వెలసిన 'మోంటెక్రిస్టో' చుట్టకు ఆ పేరు వచ్చుట, పనివారు మక్కువతో వినిన డ్యూమా నవలనుబట్టియే యందురు. చేతులు పనిలోను చెవులు కథలోను నుంచిన ఆ జనమును తలంచుకొనుట బడిపంతులకు సహజముగా నింపైన పని. ఆ చదువు వెంట చుట్టల గుర్తులును మాకు తెలియవచ్చినవి.

మేలైన హవానా చుట్టలో లోపలి ఆకులు, వానిని బిగించు ఆకు, పైన చుట్టిన ఆకు అని మూడు భాగములు కలవు. లోపలి ఆకులు చుట్ట పొడవునను సాగియుండును. నకిలీవానిలో తునకలును పొట్టును కూరుదురు. పెట్టెలోని చుట్టలను రంగు చూచి యేర్చి పేర్తురు గావున వరుస యంతయు నించుమించు నొక్క చాయగా నుండును. పెట్టె యడుగున, క్యూబాలో చేసినదనియు, పూర్తిగా చేతితో చేసినదనియు స్పానిష్ భాషలో కాల్చిన ముద్రలుండును. ఈ రెండవ మాట 1989 నుండి వచ్చినది. అక్కడనే కర్మాగారపు రహస్యాక్షరములును, పెట్టె కట్టిన నెలయు సంవత్సరమును సిరాతో నద్దుదురు. 1912 నుండి ప్రభుత్వపు ఆకుపచ్చని హామీపత్రమును పెట్టెపై నంటించుచున్నారు. 2010లో దానికి మెఱయు హోలోగ్రామును, పెట్టెపెట్టెకు వేఱైన సంఖ్యగల బార్‌కోడును చేర్చిరి. అద్దపు మూతగల పెట్టె నకిలీకి మిక్కిలి ప్రసిద్ధమైన గుర్తు.

మా చేతిలోని పెట్టెకు అద్దపు మూత యున్నది. అడుగున కాల్చిన ముద్ర లేదు. పట్టీలమీది తెల్లని గళ్లు అంచున సగము తెగియున్నవి. చుట్టలు నాలుగు రంగులుగా నున్నవి. నకిలీయని తెలియుటకు మాకు నిమిషము పట్టలేదు. కాని తండ్రి ముఖము చూచితిమి. "చేతితో చేసినవని వ్రాసినారు; పెట్టె చక్కగా నున్నది" అని చెప్పి తప్పించుకొంటిమి. వారు సంతోషముతో వెడలిపోయిరి. మాకారాత్రి నిద్ర పట్టలేదు.

జ్ఞానము తనంతనే ప్రమాణమని మీమాంసకులును, మఱియొకదానిచేత దాని ప్రామాణ్యము తేలవలయునని నైయాయికులును వాదించిరి. మఱియొకటి కావలయునన్నచో, దానికి ఇంకొకటి కావలయును గదా, ఇది యెక్కడ ఆగునని మీమాంసకుల ఆక్షేపణ. దీనికి అనవస్థ యని పేరు. చుట్టపెట్టె యందు ఈ వాదము కన్నులకు కట్టినట్లున్నది. ఆకు తన సంగతి తాను చెప్పుకొనలేదు గనుక పట్టీ వచ్చినది. పట్టీని దొంగ అచ్చువేసెను గనుక హామీపత్రము వచ్చినది. దానిని గూడ అచ్చువేసిరి గనుక హోలోగ్రామును, సంఖ్యయు వచ్చినవి. అసలు పెట్టెపై సంఖ్యను చూచి నకిలీపెట్టెపై వ్రాయుట దొంగకు కష్టమా? కడపట మనము ఆగునది ఒక మనుష్యుని మాటయొద్దనే. ఈ యంగడివాడు అబద్ధమాడడు అను నమ్మకమే మిగులును. మన యూళ్లలో చుట్టలు చుట్టి యమ్మిన ముసలివారికి పట్టీలు లేవు, ముద్రలు లేవు. కొనువాడు చుట్టినవాని నెఱుగును, అదియే హామీ.

ముద్రనే నమ్ముకొన్నచో మఱియొక చిక్కును కలదు. అభిజ్ఞానశాకుంతలమున, శాపవశమున మఱచిన దుష్యంతుడు ఉంగరము లేదని నిజమైన శకుంతలను నిండుసభలో కాదనెను. ఆ యుంగరము జాలరికి చేపకడుపులో దొరకిన పిమ్మట గాని అతనికి నిజము తెలియలేదు. ముద్రయున్న నకిలీ చెల్లుట యొక దోషము, ముద్రలేని నిజము చెల్లకపోవుట మఱియొక దోషము.

ఇంతకును అసలనగా నేమి? 1960లో క్యూబా ప్రభుత్వము చుట్టల కర్మాగారములను స్వాధీనము చేసికొనెను. యజమానులలో కొందఱు దేశము విడిచిరి. 1962లో అమెరికా క్యూబాతో వర్తకమును నిషేధించెను. తరువాత 'మోంటెక్రిస్టో', 'పార్టగాస్' మున్నగు పేర్లతోనే డొమినికన్ రిపబ్లిక్‌లోను చుట్టలు తయారైనవి. ఒక్క పేరుతో రెండు దేశముల చుట్టలు నేటికిని అమ్ముడగుచున్నవి. నేల యొకచోట, పాత హక్కు ఒకచోట. ఏది యసలు? డొమినికన్ చుట్టపై డొమినికన్ అని వ్రాసినంతకాలము అందు మోసము లేదని మా యభిప్రాయము. కావున నకిలీతనము ఆకులో లేదు. ఆకును గూర్చి చెప్పిన మాటలో నున్నది. దొంగ యపహరించునది ఇతరులు అనేక సంవత్సరములు నిజము చెప్పి కూర్చుకొన్న నమ్మకమును.

ఇది దూరదేశపు ముచ్చట కాదు. నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును మగ్గముపై చేతితో కలిపి నేయు గద్వాల చీరకు 2010లో భౌగోళిక సూచిక లభించెను. మరమగ్గపు చీరను గద్వాల చీరయని యమ్మినచో కొన్నవారి డబ్బుతోపాటు నేతగాని కూలియు పోవును. పత్తి విత్తనముల మాట యింకను ఘోరము. నకిలీ చుట్టను తొలిదమ్ములోనే కనిపెట్టవచ్చును. నకిలీ విత్తనము సంగతి తెలియునప్పటికి అదను దాటిపోవును, అప్పు మిగులును. ఆ తండ్రి రైతు గనుక ఈ మాట మాకారాత్రి మఱిమఱి తోచినది.

మఱునాటి సాయంకాలము కుమారుడొక్కడే వచ్చెను. "ఇంకో ఇరవై పెట్టెలు తెప్పిచ్చి హైదరాబాదుల అమ్ముదామనుకుంటున్న సారూ. అప్పుకు గూడ మాట్లాడిన" అనెను. మా గుండె ఝల్లుమన్నది. తండ్రి సంతోషమును కాపాడితిమని మేము తలంచిన మౌనము ఒక్క దినములోనే కుమారుని అప్పులోనికిని, అన్యాయపు వర్తకములోనికిని నెట్టుచున్నది. మోసపోయినవాడు తెలియకయే మోసగాడగుటకు మేము సాక్షులము, సహాయులము కూడను.

నిజము చెప్పి కీడు తెచ్చుకొన్న కౌశికుని కథ భారతమున కర్ణపర్వమందు కలదు గదా యని కొందఱనవచ్చును. కౌశికుడు దారి చెప్పినది దొంగలకు. ఇక్కడ అడిగినవాడు దొంగచే దోచబడినవాడు. ఆ కథను అడ్డము పెట్టుకొనుట మాకు చెల్లదు. కన్యాశుల్కమున గిరీశము వెంకటేశమునకు చుట్ట కాల్చుట నేర్పెను. అడిగిన శిష్యునికి ప్రియమైన యబద్ధము చెప్పు పంతులు ఆ గిరీశమునకు దగ్గఱ చుట్టమే యగును.

గుర్తులన్నియు ఒక్కొక్కటిగా చూపి చెప్పితిమి. నిన్ననే చెప్పకపోవుట మా తప్పనియు నొప్పుకొంటిమి. అతడు చాలసేపు పలుకలేదు. తరువాత, "నాయినకు చెప్పాల్నా సారూ?" అనెను. అది నీ నిర్ణయమని యంటిమి. కానుక అతనిది, కష్టార్జితమతనిది. ఆ మాట పలుకు హక్కు మాది కాదు. అడిగినవానికి నిజము చెప్పుట మా విధి గాని, పొరుగింటి సంతోషమును పిలువకయే వెళ్లి పరీక్షించుట మా విధి కాదు.

అతడు చెప్పెను. వారమునకు తండ్రియే సంతలో కనబడి, "పైసలు పోయినయి సారూ. పోనీ. మోసపోయిండు గని ఇంకొకన్ని మోసం చెయ్యలే" అనెను. పెట్టె నేమి చేసితివని యడిగితిమి. అటకమీద పెట్టెనట; కొడుకు తెచ్చినదని పాఱవేయ మనసొప్పలేదట.

మే మింకొక మాటయు చెప్పితిమి. అసలైన హవానా చుట్ట యైనను గుండెకును ఊపిరితిత్తులకును నోటికిని విషమే. మన కోస్తా పల్లెలలో నిప్పువైపు నోటిలో నుంచుకొని అడ్డచుట్ట కాల్చిన స్త్రీలకు అంగిటిపుండ్లు కలుగుట వైద్యు లెఱిగినదే. అసలైనదంతయు మేలైనది కాదు. పరువుకొఱకు అసలును వెదకువారు ఇది మఱువరాదు. ఆయన నవ్వి, చేతిలోని చుట్టను తలపాగలో దోపుకొనెను. మానునో మానడో మేమెఱుగము. కుమారుడు మాత్రము ఆ యప్పు తీసికొనలేదు.