చివరి అమ్మకానికి రసీదు లేదు

పాత గ్రామఫోన్ కొనడానికి వచ్చినవాడు అడగాల్సిన మొదటి ప్రశ్న "పాడుతుందా?" అని. సేకరించేవాడు మాత్రం "కాగితాలున్నాయా?" అని అడుగుతాడు. నేనూ అదే అడుగుతాను. కొన్నప్పటి బిల్లు, గ్యారంటీ కార్డు, ఎలా వాడాలో చెప్పే చిన్న పుస్తకం, సూదుల డబ్బా, రికార్డు కవరు మీద దుకాణం వాడి రబ్బరు ముద్ర. వీటిలో ఒక్కటీ పాట పాడదు. అయినా అవి ఉన్న మిషన్ కోసం నాలాంటివాళ్ళు మూడు వారాలు తిరుగుతారు.

ఎందుకంటే నకిలీల భయం. మన పాత బజార్లలో తళతళలాడే ఇత్తడి గొట్టంతో కనబడే గ్రామఫోన్లు చాలావరకు ఈమధ్య కూర్చినవే. పెట్టె గ్రామఫోన్ ఒకదాన్ని విప్పి, దాని మోటారుని కొత్త చెక్కపెట్టెలో బిగించి, పైన కొత్త గొట్టం తగిలించి, ముందు కుక్క బొమ్మ అంటిస్తారు. విదేశీ కలెక్టర్లు వీటికి 'క్రాపోఫోన్' అని పేరు పెట్టారు. తమాషా ఏంటంటే, 1931లో వచ్చిన హెచ్.ఎం.వి. 102 లాంటి నిఖార్సైన మిషన్ మూత వేస్తే నల్ల సూట్‌కేసులా ఉంటుంది. డ్రాయింగ్ రూములో పెడితే ఎవరూ తలతిప్పి చూడరు. అసలుది అసలుదానిలా కనిపించడం లేదని దాన్ని చంపి, అసలుదానిలా కనిపించేదాన్ని పుట్టిస్తున్నాం.

ఆ కుక్క బొమ్మ సంగతీ అంతే. ఫ్రాన్సిస్ బారో మొదట వేసింది సిలిండర్ ఫోనోగ్రాఫ్ ముందు కూర్చున్న కుక్కని. 1899లో గ్రామఫోన్ కంపెనీ ఆ చిత్రం కొన్నప్పుడు, ఫోనోగ్రాఫ్ మీద రంగు పూయించి అక్కడ తమ గ్రామఫోన్ వేయించుకుంది.

అందుకని కాగితం నిజం చెబుతుందని నమ్ముతాం. కానీ కాగితం రాసేది అమ్మేవాడు. అమెరికాలో విక్టర్ కంపెనీ తన మిషన్లకి ఒక నోటీసు అంటించేది: డబ్బు మొత్తం కట్టినా మిషన్ మీది కాదు, పేటెంట్లు చెల్లినంతకాలం వాడుకునే లైసెన్సు మాత్రమే మీది అని. 1917లో అక్కడి సుప్రీం కోర్టు ఆ కండిషన్లు చెల్లవు పొమ్మంది. జనం చేత రోజూ 'ఐ అగ్రీ' నొక్కించే సాఫ్ట్‌వేర్ రాసి జీతం తీసుకుంటున్న నాకు ఆ నోటీసు దూరపు చుట్టంలా అనిపించింది.

పురానాపూల్ దగ్గర జుమేరాత్ బజార్‌లో పోయినేడాది నాకొక 102 దొరికింది. అమ్మే పెద్దమనిషి "నవాబ్ సాబ్ కే ఘర్ కా మాల్" అన్నాడు. పాతబస్తీ చుట్టుపక్కల అమ్మకానికి వచ్చే ప్రతిదీ ఏదో ఒక నవాబుగారింటిదే. చిల్లుపడ్డ ఉగాల్‌దాన్‌తో సహా. మూతలో రికార్డులు పెట్టే అర వెనక ఒక బిల్లు మడత పెట్టి ఉంది, సగం ఇంగ్లీషు, సగం ఉర్దూ. తేదీ ఫస్లీ 1347, అంటే 1937-38. ధర హాలీ సిక్కాలో వేసి, పక్కన బ్రిటిష్ రూపాయల్లో ఎంతో చూపించారు. నిజాం రాజ్యానికి సొంత రూపాయి ఉండేది కదా. 100 బ్రిటిష్ రూపాయలకి 116 పైచిలుకు హాలీ రూపాయలు. కొన్నాయన పేరు కింద హోదా కూడా ఉంది: అహల్కార్. గుమాస్తా అన్నమాట.

బిల్లు చూపించి ఎంతకిస్తావన్నాను. "మిషన్ కా దామ్ అలగ్, కాగజ్ కా దామ్ అలగ్, సాబ్" అన్నాడు. మొదట అది మామూలు బజారు తెలివి అనుకున్నాను. తర్వాత అర్థమైంది. కాగితం ఉంటే ఆ మిషన్ గుమాస్తాది, లేకపోతే నవాబుది. రెంటినీ విడదీస్తేనే రెండూ గిట్టుబాటు.

1902లో కలకత్తాలో రికార్డు ఇచ్చిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తనే ఇంగ్లీషులో చెప్పుకునేది. ఆ పేరు రికార్డు గాడిలోనే ఉంది. దాన్ని చింపి విడిగా అమ్మడం ఎవరి తరమూ కాదు. గుమాస్తాకి ఆ సౌకర్యం లేదు.

రెండూ కొన్నాను. ఇంటికొచ్చాక నన్ను తొలిచింది బిల్లులో ఉన్న సంగతి కాదు, లేనిది. ఆయన మిషన్ ఎలా కొన్నాడో తెలుసు. అది ఆయన ఇంట్లోంచి ఎలా బయటికొచ్చింది? 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్, ఆ మరుసటి ఏడు జాగీర్ల రద్దు. ఆ ఏళ్ళలో హైదరాబాదులో ఉద్యోగాలు, ఆదాయాలు పోయినవాళ్ళు చాలామంది, పాకిస్తాన్‌కి వెళ్ళిపోయినవాళ్ళు కొందరు. ఇళ్ళలోంచి ముందు వెండి, తర్వాత గాజు, తర్వాత చెక్క బయటికొచ్చాయి. ఈ పెట్టె అప్పుడే అమ్మి ఉండొచ్చు. మనవడు ఫోన్ కొనుక్కోడానికి నిరుడు అమ్మి ఉండొచ్చు కూడా. నా స్వాధీనం న్యాయమైనదా కాదా చెప్పగలిగేది ఆ ఒక్క అమ్మకమే. దానికే రసీదు లేదు.

రాబర్ట్ నోజిక్ 1974లో రాసిన 'అనార్కీ, స్టేట్ అండ్ యుటోపియా'లో వాదన సరిగ్గా గిట్ హిస్టరీలా ఉంటుంది: మొదట సంపాదించింది న్యాయంగా, ఆ తర్వాత ప్రతి చేతి మార్పూ ఇష్టపూర్వకంగా జరిగితే, ఇవాళ చేతిలో ఉన్నది న్యాయంగా మీదే. చదివినప్పుడు కాదనలేం. కానీ పిల్లల ఫీజు కోసం పెట్టె అమ్మే మనిషిది ఇష్టమేనా? నోజిక్ ప్రకారం, మిగతావాళ్ళు తమ హక్కుల్లో తామున్నంతవరకు, ఎంచుకోడానికి ఏమీ మిగలకపోయినా అది ఇష్టమే. ఇక్కడే ఆయన్ని వదిలేశాను. కత్తి చూపించలేదు కాబట్టి బలవంతం లేదనడం కోర్టుకి చాలొచ్చు, నా అలమారకి చాలదు.

మీలో కొందరికి ఈపాటికి విసుగొచ్చి ఉంటుంది. పాత దర్బారు ఇళ్ళ గ్రామఫోన్ల మీద కన్నీళ్ళేంటి, ఆ డబ్బు తెలంగాణ రైతు వెట్టిచాకిరీలోంచి రాలేదా అని. న్యాయమైన ప్రశ్న. గుమాస్తా జీతమూ ఆ ఖజానాలోంచే వచ్చింది. అంటే గొలుసు రెండు కొసలా మట్టి ఉంది. కానీ ఆ మట్టి చూపించి మధ్యలో నేను లాభపడటం కుదరదు. రైతుకి జరిగిన అన్యాయానికి పరిహారం గచ్చిబౌలి సాఫ్ట్‌వేరోడికి చవగ్గా దొరికిన 102 ఎలా అవుతుంది?

వాల్టర్ బెన్యమిన్ 1931లో తన పుస్తకాల పెట్టెలు విప్పుతూ రాసిన వ్యాసంలో, సేకరించేవాడి మనసు వారసుడి మనసు లాంటిదంటాడు. వస్తువు పట్ల బాధ్యత ఉంటుంది కనక. మా అందరికీ ఇష్టమైన మాట అది, తరచూ చెప్పుకుంటాం. అసలు వారసుడు బతికే ఉండి, అమ్ముకుని, ఇప్పుడు ఏ మెహిదీపట్నం అపార్ట్‌మెంట్‌లోనో ఉన్నాడన్న సంగతి మాత్రం చెప్పుకోం. వారసుడనే మాట మాకు దొరికిన ఇంకో కాగితం.

ఇంజనీరుని కదా, లాగ్‌లో గ్యాప్ ఉంటే నిద్రపట్టదు. ఆ పెద్దమనిషి దగ్గరికే మళ్ళీ వెళ్ళి, ఏ ఇంట్లో కొన్నావో చెప్పు భాయ్, రాసి మూతలో పెట్టుకుంటాను, చరిత్ర కదా అన్నాను. ఆయన చెప్పలేదు. ఎక్కువ డబ్బిస్తానంటే కూడా చెప్పలేదు. ఇచ్చినవాళ్ళ ఇంటి పేరు బజార్లో చెప్తే వాళ్ళ ఇజ్జత్ ఏం కావాలి అన్నాడు. నవాబుగారి కథ అల్లడానికి అడ్డురాని నాలుక ఇక్కడ ఆగింది. ఆ అబద్ధమే ఒక ముసుగేమో, తెరవెనక ఉన్న మామూలు మనుషుల్ని ఎవరూ వెతక్కుండా.

ఇది నేను ఊహించని జవాబు. రసీదు లేకపోవడం నిర్లక్ష్యం అనుకున్నాను. ఆ వ్యాపారంలో అది పద్ధతి. సాలార్జంగ్ మ్యూజియంలో ముసుగు రెబెక్కా 1876లో మొదటి సాలార్జంగ్ ఇటలీలో కొన్నదని గర్వంగా చెప్పుకుంటాం. కొనడం గొప్ప కాబట్టి. అమ్ముకోవడం గొప్ప కాదు. ఇల్లు గడవక సామాను బయటికి పంపిన కుటుంబానికి, ఆ మధ్యాహ్నం ఎక్కడా నమోదు కాకూడదని కోరుకునే హక్కు ఉంది. నా న్యాయం తేల్చుకోడానికి వాళ్ళ అవమానం నాకు సాక్ష్యంగా కావాలి అనడంలో ఏదో తేడా ఉంది. కొనకుండా ఉండటమూ జవాబు కాదు. నేను కొనకపోతే ఆ మోటారు ఇత్తడి గొట్టం కిందకి పోయేది, బిల్లు పొట్లమయ్యేది.

బిల్లు స్కాన్ చేసి అందరికీ చూపించమని మిత్రులు అడిగారు. హాలీ సిక్కా ధరలు, ఫస్లీ తేదీలు చరిత్ర రాసేవాళ్ళకి పనికొస్తాయి, నిజమే. తేదీ, ధర, మోడల్ నంబరు కనబడేలా ఫొటో తీసి పంపాను, పేరు మీద తెల్ల కాగితం ముక్క పెట్టి. ఒకడికి నచ్చలేదు. పేరు లేకపోతే అది మళ్ళీ ఏ నవాబుదైనా కావచ్చు కదరా అన్నాడు. కింద అహల్కార్ అని ఉంది, చదువుకో అన్నాను.