మిగిలినదెంత?



ఇంగ్లాండులో నర్సుగా పనిచేయుచున్న మన తెలుగు సహోదరి యొకరు వ్రాసిన యుత్తరము ఇటీవల నాకు చేరినది. అందులో పెద్ద వార్తలేవియు లేవు. తన పొరుగింట ఒంటరిగా నివసించు ఒక వృద్ధురాలిని గూర్చి కొన్ని మాటలు మాత్రము కలవు. ఆ యింటి గ్యాసు మీటరు ముందుగా సొమ్ము చెల్లించినగాని పనిచేయదు. వీధి చివరనున్న దుకాణమునకు పోయి, చిన్న కార్డులో పది పౌండ్లు వేయించుకొని వచ్చి, దానిని మీటరులో పెట్టవలెను. ఆ తల్లి వేసవి యంతయు గ్యాసు ముట్టలేదు. చలి మొదలైన దినమున కార్డు పెట్టగా ఆ సొమ్ములో అధికభాగము క్షణములో పోయినది. వాడినను వాడకున్నను దినదినము పడు స్టాండింగ్ చార్జీ వేసవి యంతయు బాకీగా పేరుకొని యుండెను. ఆ రాత్రి ఆమె కోటు తొడుగుకొని నిద్రించెనట.

ఈ యుత్తరము చదివినది మొదలు ఒక ప్రశ్న నన్ను విడువలేదు. అందరికిని ఒకే ధరకు అమ్మినంత మాత్రమున అందరికిని న్యాయము జరిగినట్లేనా?

మొదట సంగతి తెలిసికొందము. బ్రిటనులో ఎక్కువ ఇండ్లు గ్యాసుతోనే వెచ్చబడును. విద్యుత్తు ధరను కూడ తరచుగా గ్యాసే నిర్ణయించును. ఏలయనగా ఆయా సమయమునకు కావలసిన చివరి యూనిటును పుట్టించు కేంద్రపు ఖర్చే అంగడి ధర యగును, ఆ చివరి కేంద్రము పలుమారు గ్యాసుతో నడచునదియే. 2021లో లోకమంతట గ్యాసు ధర పెరిగెను. 2022 ఫిబ్రవరిలో రష్యా యుక్రెయిను మీద దండెత్తిన పిమ్మట మరింత పెరిగెను. ఆఫ్‌జెమ్ అను నియంత్రణ సంస్థ విధించు గరిష్ఠ ధర చొప్పున, సాధారణ గృహపు ఏటి బిల్లు 2021 ఏప్రిలులో 1,138 పౌండ్లు. 2022 ఏప్రిలులో 1,971 పౌండ్లు. అదే యేడు అక్టోబరు నుండి 3,549 పౌండ్లగునని ప్రకటింపగా, ప్రభుత్వము అడ్డుపడి 2,500 వద్ద నిలిపెను. 2024 అక్టోబరునకు అది 1,717కు దిగెను గాని మునుపటి చోటికి రాలేదు.

ఈ 1,717 పౌండ్లనే తీసికొని లెక్క చూతము. ఏటికి 68,000 పౌండ్లు వచ్చు ఇంటికి అది సుమారు నలుబదవ వంతు. 17,000 వచ్చు ఇంటికి పదియవ వంతు. 2024–25లో ప్రభుత్వపు కొత్త పింఛను పూర్తిగా వచ్చినను వారమునకు 221 పౌండ్ల 20 పెన్నీలు, అనగా ఏటికి దాదాపు 11,500 పౌండ్లు. దానితోనే బ్రదుకు వృద్ధురాలు సాధారణ గృహమంత వాడినయెడల, ఆమె రాబడిలో ఏడవ వంతు కంటె ఎక్కువే పోవును. గనుక ఆమె అంత వాడదు, చలిని భరించును. అయినను స్టాండింగ్ చార్జీ తగ్గదు. 2024 అక్టోబరులో అది సగటున విద్యుత్తునకు దినమునకు 61 పెన్నీలు, గ్యాసునకు 32 పెన్నీలు; రెండును కలిపి ఏటికి 340 పౌండ్లకు దగ్గర. పెద్ద మేడకును ఒంటి గదికిని అది ఇంచుమించు ఒక్కటే. బిల్లు వచ్చినప్పుడు మొదటి ఇంటివారు విసుగుకొందురు. రెండవ ఇంటివారు ఆ వారము అంగడి సరకులు తగ్గింతురు. మూడవ ఇంట పొయ్యి ఆరిపోవును.

యేసు ప్రభువు దేవాలయమున కానుకపెట్టె యెదుట కూర్చుండి చూచిన సంగతి మార్కు సువార్త 12వ అధ్యాయములో చదువుదుము. ధనవంతులు వేసినది పెద్ద మొత్తము. బీద విధవరాలు వేసినవి రెండు కాసులు. చూచువారు పెట్టెలో పడినదానిని లెక్కించిరి. ప్రభువు వేసిన పిమ్మట చేతిలో మిగిలినదానిని లెక్కించెను. ఈ భాగమును మనము కానుకల ఆదివారమున బోధించి విడిచిపెట్టుదుము. గాని ఆ కొలబద్ద కానుకకు మాత్రమేనా? ఇచ్చువాని త్యాగము మిగిలినదానిని బట్టి తెలిసినయెడల, చెల్లించువాని భారమును మిగిలినదానిని బట్టియే తెలియవలెను గదా.

ఇక రాజకీయ పక్షముల సంగతి. ఇంధనపు ధర ఆ దేశమున ఎన్నికలలో గొప్ప ఆయుధము. 1994 ఏప్రిలులో కన్సర్వేటివ్ ప్రభుత్వము ఇంటి ఇంధనము మీద నూటికి 8 వంతున వ్యాట్ పన్ను వేసెను. దానిని 17.5కు పెంచబోగా అదే యేడు డిసెంబరులో పార్లమెంటు త్రోసివేసెను. 1997లో లేబర్ ప్రభుత్వము దానిని 5కు దించెను. 2013లో లేబర్ నాయకుడు ఎడ్ మిలిబ్యాండ్ ఇంధన ధరలను కొంతకాలము పెరుగకుండ నిలుపుదునని వాగ్దానము చేయగా కన్సర్వేటివులు తీవ్రముగా ఖండించిరి. 2018లో కన్సర్వేటివ్ ప్రధానియైన థెరిసా మే ప్రభుత్వమే గరిష్ఠ ధరకు చట్టము చేసెను. 2022 ఆరంభమున చమురు, గ్యాసు సంస్థల అధిక లాభముల మీద ప్రత్యేక పన్ను వేయుమని లేబర్ పక్షము కోరగా ప్రభుత్వము ఒప్పుకొనలేదు. మే నెలలో ఆర్థికమంత్రి రిషి సునాక్ తానే నూటికి 25 వంతున అట్టి పన్ను ప్రకటించెను. ఎదుటివాని నోట తప్పైన మాట తన చేత ఒప్పగుట రాజకీయములలో క్రొత్త కాదు.

అయినను పక్షములను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. పాలించువారి యెదుట నిజమైన చిక్కు ఒకటి కలదు. సహాయమును అందరికిని సమానముగా పంచవలెనా? అక్కరగలవారిని ఏరి వారికే ఇయ్యవలెనా? వృద్ధులకు చలికాలపు ఇంధన సహాయము 1997లో లేబర్ ప్రభుత్వము ఆరంభించినది. అది బీదవారికిని కోటీశ్వరునికిని ముట్టెను. 2022లో కన్సర్వేటివ్ ప్రభుత్వము విద్యుత్ బిల్లులలో ఇంటికి 400 పౌండ్ల చొప్పున తగ్గించినప్పుడును అట్లే జరిగెను.

2024 జూలైలో లేబర్ ఆర్థికమంత్రి రేచెల్ రీవ్స్, ఖజానాలో లోటు కలదని చెప్పి, ఇంగ్లాండు వేల్సులలో ఆ చలికాలపు సహాయమును పెన్షన్ క్రెడిట్ మొదలగు సహాయములు పొందు వృద్ధులకే పరిమితము చేసెను. ధనవంతునికి ప్రజల సొమ్మేల అను మాట వినుటకు న్యాయముగానే యున్నది. గాని గీత ఎక్కడ గీచిరో చూడుడి. ఒంటరివారికి పెన్షన్ క్రెడిట్ హద్దు ఆ యేడు వారమునకు 218 పౌండ్ల 15 పెన్నీలు. కొత్త పింఛను పూర్తిగా పొందువారికి వచ్చునది 221 పౌండ్ల 20 పెన్నీలు. భేదము మూడు పౌండ్ల అయిదు పెన్నీలు! మరి యే ప్రత్యేక అర్హతయు లేనివారు ఆ మూడు పౌండ్లు ఎక్కువ గలవారైనందున 200 పౌండ్లో 300 పౌండ్లో పోగొట్టుకొనిరి. హద్దునకు లోపలనున్నవారిలోను పెన్షన్ క్రెడిట్‌కు దరఖాస్తు పెట్టని కుటుంబములు ఎనిమిది లక్షలకు పైగా ఉండవచ్చునని ప్రభుత్వపు అంచనాయే తెలిపెను. ప్రజలు మొరపెట్టగా, 2025 జూన్‌లో ప్రభుత్వము వెనుకకు తగ్గి, ఏటి రాబడి 35,000 పౌండ్లు మించని వృద్ధులందరికిని ఆ సహాయము మరల నిలుచునని ప్రకటించెను. అందరికిని పంచినప్పుడు ఎవరి చేతిలో ఎంత మిగిలినదో చూడలేదు. కొందరికే అన్నప్పుడు కాగితమును చూచిరి, మనిషిని చూడలేదు.

కొందరు, “పొదుపుగా బ్రదుకవలెను గదా” అందురు. పొదుపు మంచిదే. పంచినదానిలో మిగిలిన ముక్కలను ఏరి యెత్తుమని ప్రభువు తానే శిష్యులకు చెప్పెను. గాని చలి చొరకుండ గోడలకు పొర వేయించుటకును, క్రొత్త బాయిలరు పెట్టించుటకును ముందు చేతిలో సొమ్ము కావలెను. అద్దెయింటివాడు ఇంటియజమాని గోడను మార్చలేడు. గ్యాసును ముట్టక వేసవి గడిపిన ఆ వృద్ధురాలికి పొదుపు నేర్పగలవాడెవడు?

మోషే ధర్మశాస్త్రములో, నిర్గమకాండము 22వ అధ్యాయమున, చిన్న కట్టడ యొకటి కలదు. బీదవాని పైవస్త్రమును కుదువగా తీసికొన్నవాడు ప్రొద్దు క్రుంకకముందే దానిని తిరిగి ఇయ్యవలెను. రాత్రి వానికి కప్పుకొనుటకు అదియే గదా. ఆ కట్టడ అప్పు లేదనలేదు. అప్పిచ్చినవాని హక్కును కాదనలేదు. ఆ హక్కునకు రాత్రి చలి యొద్ద హద్దు పెట్టెను. బ్రిటనులో బిల్లు బాకీపడినవారి యిండ్లలో కోర్టు అనుమతితో బలవంతముగా చొచ్చి ముందస్తు చెల్లింపు మీటర్లు పెట్టు వాడుక యుండెను. సొమ్ము అయిపోగానే ఇల్లు చల్లబడును. 2023 ఫిబ్రవరిలో ఆ పనిని ఆపించిరి. అదే యేడు నవంబరు నుండి నియమములు కఠినము చేసి, తోడులేని 75 ఏండ్లు దాటినవారి యిండ్లలోను రెండేండ్లలోపు బిడ్డలున్న యిండ్లలోను అట్లు పెట్టరాదనిరి. ఎంత ఆలస్యముగానైనను వస్త్రము తిరిగి ఇయ్యబడుట మేలే.

2022 చలికాలమున ఆ దేశమందలి అనేక సంఘములు తమ మందిరములను తెరచి, ఎవరైనను వచ్చి వెచ్చగా కూర్చుండి టీ త్రాగునట్లు ఏర్పాటు చేసినవి. అది ప్రేమగల పని. గాని సాయంకాలమున మందిరపు తలుపు మూయబడును, ఆ తల్లి చల్లని యింటికే తిరిగి పోవలెను. గనుక తలుపు తెరచువాడు న్యాయమును గూర్చి మాటాడుట మానరాదు. న్యాయమును గూర్చి మాటాడువాడు తలుపు తెరచుటయు మానరాదు.

ఇదంతయు దూరదేశపు సంగతి యనుకొందుమా? మందిరపు కప్పు బాగుచేయుటకు మనము ఇంటికింత అని చందా వేసినప్పుడు, “అందరికిని సమానమే” అని నేనును సంతోషముగా చేయి యెత్తితిని. ఆ తరువాత కొన్ని ఆదివారములు ఒక కుటుంబము ఆరాధనకు రాలేదు. కారణమేమని అడుగుటకు నాకు నెలరోజులు పట్టెను. అడిగిన దినమున ఆ యింటి తల్లి చెప్పిన జవాబు విని నేను తల వంచుకొంటిని.

పక్షములు, మేమింత ఇచ్చితిమి, వారింత పెంచిరి అని లెక్కలు చెప్పుచునే యుండును. మందిరపు పెద్దలమైన మనమును లెక్కలు చెప్పుదుము. ఓటు వేయు దినమునను, చందా వేయు దినమునను, అంగడిలో ధర చెప్పు దినమునను ఒక్క ప్రశ్న అడుగ నేర్చుకొందము: ఇది చెల్లించిన పిమ్మట ఆ యింట మిగిలినదెంత?